వాయిస్తే డబ్బులిస్తాం, నేర్పితే?

డ్రమ్మర్ అనగానే మన సాఫ్టువేరు జనంలో చాలామందికి శివమణి గుర్తొస్తాడు. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు చెన్నై జట్టు కోసం స్టేడియంలో వాయించాడు కాబట్టి, సంగీతం అంటే సినిమా పాటే అనుకునేవాళ్ళకి కూడా ఆయన మొహం తెలుసు. 2019లో పద్మశ్రీ కూడా వచ్చింది. వాయిద్యం వాయించేవాడు ఎంత పైకి రాగలడు అంటే ఆయన్ని చూపిస్తాం.

ఈమధ్య రకరకాల దేశాల డ్రమ్మర్లు మాట్లాడుకునే వీడియోలు వరసగా చూశాను. మనం ఆఫీసులో టీ దగ్గర మాట్లాడుకున్నట్టే వాళ్ళూ వృత్తి కష్టాలు మాట్లాడుకుంటారు. ఎవరి మాట విన్నా చివరికి తేలేవి మూడే ప్రశ్నలు. కొత్త దరువు ఎలా పుడుతుంది? ఇంకొకడికి ఎలా నేర్పడం? దీన్ని నమ్ముకుని ఇల్లు గడుస్తుందా, నెట్టులో పెడితే గడుస్తుందా? వాళ్ళ మాటలు వింటే ఈ ప్రశ్నలు యూట్యూబుతోపాటు పుట్టాయేమో అనిపిస్తుంది. అబ్బే, మా విజయనగరం, శ్రీకాకుళం వైపు వీటికి వందేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. పైగా రెండు రకాల జవాబులు పక్కపక్కనే పెరిగాయి. ఒకటి రాజుగారి కాలేజీలో, ఇంకోటి ఊళ్ళో అమ్మవారి పండగలో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తరవాత మీరు ఒప్పుకోవచ్చు, కొట్టిపారెయ్యొచ్చు. వాయించినందుకు డబ్బులిచ్చిన చోట వాయిద్యం కొన్నాళ్ళు వెలిగింది. నేర్పినందుకు డబ్బులిచ్చిన చోట తరాలపాటు నిలబడింది. ఈ రెంటికీ తేడా తెలుసుకోకుండా "కళాకారులు ఆన్‌లైన్‌లోకి రావాలి" అని సలహా ఇవ్వడం తేలిక.

డ్రమ్ము లేని డ్రమ్మరు

ముందు ఆదిభట్ల నారాయణదాసుగారి దగ్గర మొదలెడదాం. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. హరికథా పితామహుడని మనందరం స్కూల్లో చదువుకున్నాం. ఆయన డ్రమ్మరేంటి అంటారా? నా దృష్టిలో ఆయన డ్రమ్ము లేని డ్రమ్మరు. కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో చిరతలు, నిలబడి పాట, ఆట, కథ. అంతవరకు లయ అంటే పక్కన కూర్చున్న మృదంగం వాయించే ఆయన బాధ్యత. దాసుగారు ఆ లయని తన ఒంటి మీదకి తెచ్చుకుని సభ మధ్యలో నిలబెట్టారు.

ఆయనకి లయబ్రహ్మ అన్న బిరుదు ఊరికే రాలేదు. పంచముఖి అని ఒక విద్య చేసేవారు. రెండు చేతులు రెండు తాళాలు, రెండు కాళ్ళు ఇంకో రెండు తాళాలు, వీటితోపాటు అయిదోది, అన్నీ ఒకేసారి. మన భాషలో చెప్పాలంటే ఒకే ప్రాసెసరు మీద అయిదు త్రెడ్లు, ఏదీ ఆగదు, ఏదీ ఇంకోదానికి అడ్డురాదు. ఇందులో కష్టం ఏమిటో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఉదాహరణకి 3, 4, 5, 7 అక్షరాల ఆవృత్తాలు నాలుగు ఒకేసారి మొదలుపెట్టారనుకోండి. నాలుగూ మళ్ళీ ఒకే చోట కలవాలంటే 420 అక్షరాలు వెళ్ళాలి. క.సా.గు. అని ఆరో తరగతిలో చేశాం కదా, అదే. మనం కాగితం మీద చేసిన లెక్కని ఆయన కాళ్ళూ చేతులతో చేస్తూ, ఆ పైన కథ చెబుతూ, మధ్యలో జోకులు వేసేవారు.

కొత్తది ఎలా పుడుతుంది అన్న మొదటి ప్రశ్నకి ఇదొక జవాబు. ఆయన కొత్త తాళమేదో కనిపెట్టాల్సిన అవసరం రాలేదు. ఉన్న తాళాలనే, ఎవరూ పెట్టని చోట పెట్టారు. ఎవరూ కలపని పద్ధతిలో కలిపారు. డ్రమ్మర్ల సంభాషణల్లో కూడా తరచు వినపడే మాట ఇదే.

ఇక సంపాదన. దాసుగారు ఊరూరా తిరిగి కథ చెప్పి, సన్మానాలందుకుని బతికిన మనిషి. ఇప్పటి మాటలో ఫ్రీలాన్సరు. అలాంటి ఆయన 54 ఏళ్ళ వయసులో ఉద్యోగంలో చేరారు. విజయరామ గజపతి రాజుగారు 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టి, దానికి ఆయన్ని మొదటి ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టారు. విజయరామ గాన పాఠశాల అని పేరు. దివాణంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదనీ, ఆ పిల్లాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన పెరిగి పెరిగి చివరికి కాలేజీ అయిందనీ విజయనగరంలో చెప్పుకుంటారు. ఎలా మొదలైనా, అక్కడ జరిగిన అసలు మార్పు ఇది: సంగీతగాడికి వాయించినందుకు కాకుండా, నేర్పినందుకు నెలనెలా జీతం.

ఇది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. అంతకు ముందు గురువు ఇంట్లో శిష్యుడు ఏళ్ళ తరబడి ఉండాలి. నీళ్ళు తోడాలి, గుర్రబ్బండి వెనక నడవాలి, గురువుగారికి దయ కలిగిన రోజున పాఠం. కాలేజీ వచ్చాక బల్ల, హాజరు, పరీక్ష. గురువుకి పూట గడవడానికి కచేరీ దొరకాల్సిన పని లేదు.

జీతం వల్ల వచ్చిన వంశం

ఆ కాలేజీ పేరు చెబితే మనకి వచ్చే పేర్లు ఇవి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయులీనం విని నువ్వు నేర్చుకునేదేంటి, పాఠం చెప్పు అని ఉద్యోగం ఇచ్చారట. 1936లో దాసుగారి తరవాత ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాలగారు అక్కడ చదువుకున్నారు, ఊళ్ళో వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని మరీ చదువుకున్నారు. పి. సుశీలగారు అక్కడ చదువుకున్నారు. 2019లో కాలేజీకి నూరేళ్ళు నిండాయి.

ఒక్కసారి పైన చెప్పిన పేర్లు మళ్ళీ చూడండి. ఒకాయన ఫిడేలు, ఇద్దరు గాయకులు. అదే గోడల మధ్య మృదంగం నేర్పినవాళ్ళూ, నేర్చుకున్నవాళ్ళూ వందేళ్ళుగా ఉన్నారు. పేరు చెప్పమంటే సంగీతం తెలిసినవాళ్ళు తప్ప ఎవరూ చెప్పలేరు. పక్కవాద్యం అన్న మాటలోనే ఉంది కదా, పక్కన ఉండాల్సింది. కానీ పేరు రాకపోయినా వాళ్ళకి జీతం వచ్చింది, రిటైరయ్యాక పింఛను వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, వాళ్ళ శిష్యులకి శిష్యులు వచ్చారు. అలా ఉత్తరాంధ్రలో మృదంగానికి ఒక తెగని దారం ఉంది.

ఇది ఒక్క విజయనగరం కథే కాదు. 2021లో మృదంగానికి పద్మశ్రీ అందుకున్న దండమూడి సుమతిగారు విజయవాడ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పినావిడ. ఆడవాళ్ళు మృదంగం వాయించడమే వింతగా చూసిన రోజుల్లో, ఒక ఆడమనిషి ఆ వాయిద్యంతో జీవితాంతం నిలబడగలిగారంటే వెనకాల ఆవిడ సాధనతోపాటు ఒక మాస్టారు కుర్చీ కూడా ఉందని మర్చిపోకూడదు. కచేరీకి పిలవడం, పిలవకపోవడం ఎవరిష్టం వాళ్ళది. కుర్చీ అలా కాదు.

మరి అన్ని వాయిద్యాల్లో మృదంగానికే కాలేజీలో చోటు ఎలా దొరికింది? గౌరవం అన్నది ఒక కారణం, దాని దగ్గరకి తరవాత వస్తాను. రెండో కారణం మన ఇంజనీర్లకి నచ్చేది. మృదంగానికి నోటి భాష ఉంది. త, ది, తొం, నం అంటూ ప్రతి దెబ్బకీ ఒక అక్షరం. చేత్తో వాయించేదంతా ముందు నోటితో చెప్పొచ్చు. నోటితో చెప్పగలిగింది పుస్తకంలో రాసుకోవచ్చు. రాసుకోగలిగింది సిలబస్సులో పెట్టొచ్చు. సిలబస్సు ఉంటే పరీక్ష పెట్టొచ్చు, సర్టిఫికెట్టూ డిప్లొమా ఇవ్వొచ్చు. సర్టిఫికెట్టు ఇవ్వగలిగితే ప్రభుత్వంలో ఒక మాస్టారు పోస్టు పుడుతుంది. ఒక్క అక్షరంతో మొదలై ఒక పోస్టు దాకా వచ్చిన గొలుసు ఇది.

ఇప్పుడు ఊళ్ళోకి వెళ్దాం

అదే విజయనగరం నుంచి ఏ దిక్కుకి వెళ్ళినా, శ్రీకాకుళం దాకా, ఊళ్ళల్లో ఇంకో వాయిద్యం ఉంది. తప్పెటగుళ్ళు. మీలో ఆ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: గుండ్రటి రేకు చట్రానికి తోలు బిగించిన వాయిద్యం, తాడు కట్టి మెడలో వేసుకుంటే సరిగ్గా ఛాతీ మీద ఉంటుంది. రెండు చేతులతో వాయిస్తారు. కాళ్ళకి గజ్జెలు, రంగుల నిక్కర్లు. పదిహేను, ఇరవై మంది ఒక జట్టు. ఎక్కువగా యాదవులు. గంగమ్మకి మొక్కుగా, వానలకోసం, పశువుల క్షేమంకోసం వాయించడం దీని మొదలు. పాటల్లో కృష్ణుడి కథలు, రామాయణం, చెంచులక్ష్మి. వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కడతారు. ఆ గోపురం మీద ఉన్నవాడు కూడా దరువు ఆపడు. అదే దాని గొప్ప.

దసరా వెళ్ళిన తరవాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ జనంలో తప్పెటగుళ్ళ జట్టు దారి చేసుకుంటూ వస్తుంటే ఆ శబ్దం చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. మా అమ్మగారిది చీపురుపల్లి వైపు ఊరు. అక్కడ ఒక జట్టుకి గురువుగా ఉన్న పెద్దాయన్ని ఒకసారి అడిగాను, మృదంగంలో త ది తొం నం అన్నట్టు మీకేమైనా ఉందా తాతా అని. ఆయన కాసేపు ఆలోచించి, "సెప్పీది ఏటుంది బావూ? నాను కొడితే ఆడు ఇనాల, ఆడు కొడితే నాను సూడాల. ఆడి కాలు తప్పితే నాకు తెలిసిపోద్ది" అన్నారు.

ఈ రెండు వాక్యాల్లో ఒక బోధనా పద్ధతి మొత్తం ఉంది. ఇక్కడ పాఠం చేతికి కాదు, ఒంటికి. దరువు, అడుగు, పాట, పక్కవాడి భుజం, అన్నీ కలిపి ఒకే పాఠం. విడదీస్తే పాఠం మిగలదు. అందుకే అది పుస్తకంలోకి ఎక్కలేదు. పుస్తకంలోకి ఎక్కలేదు కాబట్టి సిలబస్సులోకి రాలేదు. పైన చెప్పిన గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోయింది. సంగీత కళాశాలలోకి మృదంగం వచ్చింది, నాదస్వరంతోపాటు డోలు వచ్చింది. తప్పెట రాలేదు.

ఇందాక తరవాత చెబుతానన్న కారణం ఇప్పుడు చెప్పాలి. నోటి భాష లేకపోవడం ఒక్కటే అడ్డు అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మృదంగం గుడికీ సభకీ చెందిన వాయిద్యం. తప్పెట, డప్పు, జముకు ఊరికీ కులానికీ చెందినవి. మృదంగానికి తోలు బిగించే మనిషికి, దాన్ని వాయించే మనిషికి మధ్య ఉన్న దూరం గురించి టి.ఎం. కృష్ణ 2020లో ఒక పుస్తకమే రాశారు. శబ్దాన్ని సభలోకి రానిచ్చి, దాన్ని తయారుచేసినవాణ్ణి బయట నిలబెట్టడం మనకి కొత్త కాదు. ఏ వాయిద్యానికి మాస్టారు పోస్టు రావాలో నిర్ణయించినవాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా.

సరే, కాలేజీ లేకుండా తప్పెటగుళ్ళు ఇన్నాళ్ళు ఎలా బతికాయి? ఊరు పోషించింది కాబట్టి. పండక్కి పిలుపు, బియ్యం, బట్టలు, కొంత డబ్బు. అది వాయించినందుకు. నేర్పినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ రాలేదు. పిల్లలు ఊళ్ళోనే ఉండేవారు, సాయంత్రం గొర్రెలు తోలుకొచ్చాక ఖాళీగా ఉండేవారు. పెద్దవాళ్ళ పక్కన గెంతుతూ గెంతుతూ వచ్చేసేది. అంటే నేర్పడానికి అయ్యే ఖర్చు ఆ జీవన విధానమే భరించింది. ఏ పద్దులోనూ కనపడదు. కనపడని ఖర్చు ఆగిపోయినా కనపడదు.

ఆ జీవన విధానం పోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస అంటే చెప్పేదేముంది. కట్టుబడి పనులకి హైదరాబాదు, చెన్నై, విశాఖ. చేపల వేటకి గుజరాతు. మనలాంటివాళ్ళు బెంగుళూరు, అమెరికా. మృదంగం నేర్చుకోవడానికి ఒక గురువు, ఒక శిష్యుడు చాలు. తప్పెటగుళ్ళకి ఇరవై మంది ఒకే ఊళ్ళో, ఒకే సాయంత్రం, ఒకేసారి ఖాళీగా ఉండాలి. ఇరవై మంది క్యాలెండర్లు కలిపి ఒక మీటింగు పెట్టడం ఎంత కష్టమో మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు!

రేడియో చేసిన ఒక మంచి పని

నెట్టు దగ్గరకి వెళ్ళేముందు రేడియో గురించి ఒక మాట. విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలయ్యాయి. కళాకారుణ్ణి ఆడిషన్ చేసి, బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడు ఇచ్చి, దాన్నిబట్టి పారితోషికం ఇచ్చే పద్ధతి రేడియోది. మన అప్రైజల్ రేటింగులాగే, తిట్టుకునేవాళ్ళూ ఉండేవారు. కానీ రేడియో ఒక మంచి అలవాటు చేసింది. కచేరీకి ముందో తరవాతో పాడినవారి పేరుతోపాటు వయొలిన్ మీద ఫలానా, మృదంగం మీద ఫలానా అని విడిగా, స్పష్టంగా పేర్లు చదివేవారు. మా ఇంట్లో సంగీతం రాని మా తాతగారికి కూడా మృదంగ విద్వాంసుల పేర్లు తెలుసంటే అదే కారణం. సభలో పక్కన కూర్చున్నవాడికి రేడియో ఒక పేరు ఇచ్చింది.

తప్పెటగుళ్ళకి రేడియో అంతగా కలిసిరాలేదు. సగం కళ కంటితో చూసేది కదా. మనిషి గోపురాన్ని రేడియోలో ఎలా వినిపిస్తారు?

నెట్టు ఇచ్చింది, ఇవ్వనిది

2005లో యూట్యూబు వచ్చింది. ఇప్పుడు తప్పెటగుళ్ళు అని తెలుగులో కొట్టి చూడండి, వీడియోలు వరసగా వస్తాయి. రేడియో చూపించలేని గోపురం ఇప్పుడు ఫోనులో కనిపిస్తుంది. 2020లో వచ్చిన పలాస 1978 సినిమాలోని నక్కిలీసు గొలుసు పాటతో ఉత్తరాంధ్ర జానపదం రాష్ట్రమంతా ఎలా ఊగిందో మనం చూశాం. గిరాకీ లేదు అనడానికి లేదు.

కానీ ఆ వీడియోల కింద వివరాలు చదవండి. ఛానెల్ పేరు ఉంటుంది, కెమెరా పేరు ఉంటుంది, ఒక్కోసారి డీజే పేరు ఉంటుంది. జట్టు పేరు ఎప్పుడో కానీ కనపడదు, ఇరవై మంది పేర్లయితే మర్చిపోండి. రేడియో నలభై ఏళ్ళు చేసిన పనిని మనం ఖాళీగా ఉన్న ఒక టెక్స్టు బాక్సులో చెయ్యలేకపోతున్నాం. 

డబ్బు సంగతి చూస్తే, ప్రకటనల ఆదాయానికి 2018లో యూట్యూబు పెట్టిన గీత ఏమిటంటే 1000 మంది చందాదారులు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ. ఎక్కడెక్కడి జాతరలూ తీసి పెట్టే ఛానెల్ ఆ గీత దాటుతుంది. సంక్రాంతికీ పండక్కీ తప్ప ఆడని జట్టు ఎలా దాటుతుంది? దాటినా, వచ్చింది ఇరవై మందికి పంచాలి. ఒంటరిగా వాయించేవాడికి పనికొచ్చే లెక్క జట్టుకి పనికిరాదు.

నేర్పడం మాటకొస్తే, కరోనా రోజుల్లో మృదంగం మాస్టార్లు చాలామంది ఫోనులో పాఠాలు చెప్పడం మొదలెట్టారు. కొంతమందికి అదే స్థిరమైన ఆదాయం అయింది. మన అమెరికా పిల్లలకి శనివారం సాయంత్రం, మాస్టారికి ఆదివారం పొద్దున్న. అది సాధ్యమైంది కూడా ఆ నోటి భాష వల్లే. మాస్టారు నోటితో చెప్తాడు, పిల్లాడు వింటాడు, తరవాత వాయిస్తాడు, మాస్టారు దిద్దుతాడు. వంతులవారీగా నడిచే పాఠం.

మరి కలిసి వాయించడం? ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. విజయనగరం నుంచి కాలిఫోర్నియాకి సూటిగా చూసినా సుమారు 13 వేల కిలోమీటర్లు. ఫైబరులో కాంతి వేగం సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే ఎంత గొప్ప నెట్టు ఉన్నా ఒకవైపుకే 65 మిల్లీసెకన్లు, రానూపోనూ 130. నిమిషానికి 120 దెబ్బల కాలంలో, దెబ్బకి నాలుగు అక్షరాలు వాయిస్తే అక్షరానికీ అక్షరానికీ మధ్య 125 మిల్లీసెకన్లే. అంటే పిల్లాడు నాతోపాటే వాయిస్తున్నాను అనుకుంటాడు, మాస్టారికి అది ఒక అక్షరం ఆలస్యంగా వినిపిస్తుంది. ఇద్దరు కలిసి సుఖంగా వాయించాలంటే ఆలస్యం ఇంచుమించు 25, 30 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ విషయం మీద పనిచేసినవాళ్ళు చెబుతారు.

ఇప్పుడు ఊళ్ళో జట్టుని చూడండి. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఇరవై మంది వలయంగా నిలబడితే అడ్డంగా ఏడు మీటర్లు అనుకుందాం. ఈ చివర దెబ్బ ఆ చివరికి చేరడానికి 20 మిల్లీసెకన్లు. సరిగ్గా ఆ హద్దు లోపల! ఎవరూ లెక్కెయ్యలేదు, ఒళ్ళే లెక్కేసుకుంది.

ఇంకో తమాషా ఉంది. మనం తయారుచేసిన కాల్ సాఫ్టువేరంతా మనుషుల మాట కోసం రాసింది. మాట కానిదాన్ని రొద అనుకుని నొక్కేస్తుంది. తప్పెట మీద గట్టిగా ఒక దెబ్బ వేస్తే, కుక్క మొరుగుడు, ప్రెషర్ కుక్కరు విజిలు ఏ ఖాతాలోకి పోతాయో అదీ ఆ ఖాతాలోకే పోతుంది. మృదంగం ఎడమవైపు తొం అన్న శబ్దం ఫోను స్పీకర్లో దాదాపు వినపడదు. కొన్ని యాప్‌లలో ఈ నొక్కుడు ఆపేసే సెట్టింగు ఉంది, అది ఎక్కడుందో మాస్టారికి చెప్పినవాడు లేడు. వందేళ్ళ క్రితం కమిటీ వాళ్ళు ఇది సంగీతం, ఇది రొద అని విడగొట్టారు. ఇప్పుడు ఆ పని మన కోడు చేస్తోంది. రాసింది మనమే, అంటే మన వృత్తివాళ్ళే.

ఏం చెయ్యొచ్చు

ప్రభుత్వం ఏమీ చెయ్యట్లేదని నేను అనను. ఆంధ్రాలో డప్పు కళాకారులకి పింఛను ఉంది, 2024 జూలై నుంచి అది నెలకి 4000 రూపాయలయింది. మంచిదే. కానీ అందులో డప్పు అని రాసి ఉంది, తప్పెట అని లేదు. పైగా పింఛను అంటే వాయించి వాయించి అలిసిపోయినవాడికి ఇచ్చే ఆసరా. అది తరవాతి తరాన్ని తయారుచెయ్యదు. గురువుకి ఆసరా వేరు, గురుత్వానికి జీతం వేరు.

నేను అనుకునేది ఇది. మనలో చాలామందిమి ఊరి పండక్కి చందా ఇస్తాం. అక్కడ జట్టుని పిలిపిస్తాం, ఒక రాత్రికి డబ్బులిస్తాం, వీడియో తీస్తాం, వాట్సాపులో పెట్టి కాలర్ ఎగరేస్తాం. అదే డబ్బులో సగం తీసి, ఏడాది పొడుగునా వారానికి రెండు సాయంత్రాలు ఊరి బడి పిల్లలకి నేర్పమని గురువుకి నెలనెలా ఇస్తే? ఒక ఊళ్ళో పదిహేను మంది పిల్లలు, ఒక గురువు. మన ఊరివాళ్ళు నలుగురు కలిస్తే అయ్యే పని. రాజుగారు 1919లో చేసింది పెద్ద ఎత్తున ఇదే.

రెండోది, రికార్డింగు. గోపురం వీడియోలు చాలా ఉన్నాయి. ఒక్కొక్క దరువునీ నెమ్మదిగా, చేతులు కనపడేలా ఒకసారి, కాళ్ళు కనపడేలా ఒకసారి తీసి, దాని పేరేమిటో గురువు నోటితోనే చెప్పించినవి కావాలి. ఆ భాష లేదని ఇందాక పెద్దాయన అన్నారు కానీ, దరువులకి వాళ్ళల్లో వాళ్ళు పిలుచుకునే గుర్తులు తప్పకుండా ఉంటాయి, ఇరవై మంది ఒకేసారి దరువు మార్చాలంటే ఏదో ఒక సైగ ఉండి తీరాలి. ఆ సైగలే సిలబస్సుకి మొదటి పేజీ. ఈ రికార్డింగు గురువుకి బదులు కాదు సుమా. డాక్యుమెంటేషను ఉంది కదా అని సీనియర్ని పంపించేసిన ప్రాజెక్టుల గతి మనకి తెలుసు.

మూడోది ఖర్చు లేనిది. ఇంకోసారి ఏ జాతరలో వీడియో తీసినా, కింద వివరాల్లో ఊరి పేరు, జట్టు పేరు, వాళ్ళు ఇష్టపడితే వాయించిన ప్రతి ఒక్కరి పేరు రాయండి. కోడులో ఒక్క లైను మార్చినా మన పేరు లాగులో పడాలని గొడవ చేస్తాం. ఛాతీ మీద తప్పెట కట్టుకుని రాత్రంతా గెంతినవాడికి ఆ మాత్రం హక్కు లేదా?

డ్రమ్మర్లు అడిగే మూడు ప్రశ్నల్లో మొదటిదాని గురించి నాకు బెంగ లేదు. కొత్త దరువు ఎలాగో పుడుతుంది, అది ఆపినా ఆగదు. మూడోదానికి నెట్టు ఏదో ఒక దారి చూపిస్తుంది, కొందరికైనా. మధ్యలోదే నా బెంగంతా. మృదంగానికి 1919లో ఒక కుర్చీ వేశారు కాబట్టి ఇవాళ కాలిఫోర్నియాలో పిల్లాడికి పాఠం చెప్పే మాస్టారు ఉన్నాడు. తప్పెటకి కుర్చీ అక్కర్లేదు, దాన్ని కూర్చుని వాయించలేరు కూడా. ఊళ్ళో వారానికి రెండు సాయంత్రాలు, దానికి నెలకి ఇంత అని జీతం, అంతే కావాలి.